కాండ్రాయిటిన్ మాత్ర మింగితే అది మోకాలికి చేరుతుందా?

మోకాలి నొప్పికి వాడే కాండ్రాయిటిన్ మాత్ర కడుపులోకి వెళ్లాక నేరుగా కీలులోని మృదులాస్థికి చేరి అతుక్కుంటుందా అని అడిగారు. అతుక్కోదు. నేను కూడా ఎనిమిది నెలలు ఆ నమ్మకంతోనే మింగాను. నా నమ్మకం సడలింది మోకాలి వైద్యుడి దగ్గర కాదు, కడుపు ఉబ్బరానికి చేయించుకున్న శ్వాస పరీక్షలో.

ఆ రోజు పరగడుపున వెళ్లాను. 10 గ్రాముల లాక్టులోజ్ కలిపిన తియ్యటి నీళ్లు తాగించి, 20 నిమిషాలకొకసారి గొట్టంలోకి ఊదమన్నారు. గంట దాటినా ఊపిరిలో హైడ్రోజన్ ఎంతుందో చూపే యంత్రం మీద అంకె నాలుగైదు దగ్గరే ఉంది. నూరో నిమిషంలో ఊదేసరికి ముప్పై దాటింది. లాక్టులోజ్ అంటే గాలాక్టోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరల జంట మాత్రమే. దాన్ని విడదీసే ఎంజైము మన చిన్నపేగులో లేదు కనుక, అది దాదాపు మొత్తం పెద్దపేగుకు జారిపోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టగా పుట్టిన హైడ్రోజన్ రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల గుండా నా ఊపిరిలోకి వచ్చింది. నేను తాగిన చక్కెర వాయువుగా మారి నా నోటి నుంచే బయటికి రావడం కళ్లారా చూశాను.

రెండే చక్కెరలున్న జంట పేగు గోడ దాటలేనప్పుడు, పదుల సంఖ్యలో చక్కెరలు వరుసగా కూర్చిన కాండ్రాయిటిన్ ఎలా దాటుతుంది? పేగు కణాల్లోని ద్వారాలు ఒంటి చక్కెరలకే తెరుచుకుంటాయి: గ్లూకోజ్, గాలాక్టోజ్‌లు సోడియంతో కలిసి ఒక దారిలో, ఫ్రక్టోజ్ మరొక దారిలో లోపలికి వెళ్లి, అక్కడి నుంచి మొదట కాలేయానికి చేరతాయి. కాండ్రాయిటిన్‌లో కొద్ది భాగం, ముఖ్యంగా తునకలుగా, రక్తంలో కనిపించే మాట నిజమే; మిగిలిన దానిలో ఎక్కువ భాగాన్ని పెద్దపేగు సూక్ష్మజీవులే తింటాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కూడా ఇలాంటి చక్కెర గొలుసే. దాన్ని మాత్రగా కాక సూదిమందుగా ఇవ్వడానికి కారణం, పేగు దాన్ని పీల్చుకోకపోవడమే.

పైగా మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. కీలు ద్రవంలోంచి ఊరి వచ్చిన గ్లూకోజ్‌తో అక్కడి కణాలు తమకు కావలసిన కాండ్రాయిటిన్ గొలుసులను తామే అల్లుకుంటాయి. సీసా మీద మోకాలి బొమ్మ వేసి దానివైపు బాణం గుర్తు పెట్టే వాళ్ల మీద నాకు నిజంగా కోపం; నొప్పితో ఉన్న మనిషి ఆ బాణాన్నే నమ్ముతాడు. 2006లో 1,583 మందిపై వెలువడిన పెద్ద పరీక్షలో కీళ్ల నొప్పులకే వాడే గ్లూకోసమైన్ అనే మరో మాత్ర గానీ, కాండ్రాయిటిన్ గానీ, రెండూ కలిపి గానీ మొత్తం మీద ఉత్తుత్తి మాత్రకంటే చెప్పుకోదగ్గ మేలు చూపలేదు. నేను మాత్రలు ఆపేసి, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం మొదలుపెట్టాను. ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోవడం లేదు.