గట్టిపడినప్పుడు వంకర: ఆపరేషన్‌కు తొందరపడాలా?

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా షుగర్ ఉంది. నాలుగు నెలల నుంచి స్తంభించినప్పుడు అంగం పైకి వంగిపోతోంది, నొప్పి కూడా. పైభాగంలో చింతగింజంత గట్టిగా తగులుతోంది. పట్టు కూడా మునుపటిలా నిలవడం లేదు. క్యాన్సరేమోనని భయంగా ఉంది. వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చెప్పినవి పెరోనీ వ్యాధి లక్షణాలు. ఇది క్యాన్సర్ కాదు, అంటుకునేదీ కాదు. అంగంలో రక్తం నిండే గొట్టాల చుట్టూ సాగే గుణమున్న పొర ఉంటుంది. కలయికలో దానికి చిన్న చిన్న దెబ్బలు తగిలి, మానేటప్పుడు మచ్చ కట్టి బిరుసెక్కుతుంది. సైకిల్ ట్యూబుకు ఒక పక్క ప్యాచ్ వేసి గాలి కొడితే అటే వంగుతుంది కదా, ఇదీ అంతే. షుగర్ ఉన్నవారిలో ఎక్కువ.

ఆపరేషన్ ఇప్పుడే వద్దు. నొప్పి ఉందంటే వ్యాధి ఇంకా మారుతోందని అర్థం. ఈ దశ ఏడాది, ఏడాదిన్నర దాకా సాగవచ్చు. ఈలోగా సరిచేసినా మళ్లీ వంగవచ్చు. నొప్పి తగ్గి, వంకర కనీసం 3 నెలలు మారకుండా ఉన్నాకే సర్జరీ మాట.

అప్పటిదాకా ఊరికే ఉండమని కాదు. స్తంభించినప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోన్లో ఫొటో తీసుకోండి. నెలకోసారి అలాగే తీయండి. యూరాలజిస్టుకు నోటితో వర్ణించే ఇబ్బంది తప్పుతుంది, వంకర ఎన్ని డిగ్రీలో ఆయనే కొలుస్తారు. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్) పరీక్ష చేయించి షుగర్ అదుపులోకి తెచ్చుకోండి, సిగరెట్ ఉంటే మానేయండి. నొప్పికి మాత్రలున్నాయి. సాగదీసే ట్రాక్షన్ పరికరం కొందరికి మేలు చేస్తుంది గానీ రోజూ, నెలల తరబడి ఓపికగా వాడాలి. విటమిన్ ఈ మాత్రలతో వంకర పోదు. లాడ్జీల్లో మకాం వేసే వైద్యుల నూనెల జోలికి అసలు పోకండి. బలవంతంగా వంచి సరిచేయబోతే కొత్త దెబ్బ, కొత్త మచ్చ!

పట్టు తగ్గడానికి వంకరతో పాటు షుగర్, మనసులోని బెంగ కూడా కారణాలే. సిల్డెనాఫిల్ లాంటి మాత్ర పనిచేయవచ్చు, కానీ డాక్టరు రాస్తేనే. గుండెకు సార్బిట్రేట్ వంటి నైట్రేట్లు వాడుతుంటే సిల్డెనాఫిల్‌ను ముట్టుకోవద్దు, బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది.

వ్యాధి నిలకడపడ్డాక వంకర కలయికకు అడ్డం కాకపోతే వైద్యమే అక్కర్లేదు. అడ్డమైతే, పట్టు బాగున్నవారికి వంకరకు ఎదురు వైపున కుట్లు వేసి నిటారు చేస్తారు. పొడవు కొంత తగ్గుతుంది, ముందే అడిగి తెలుసుకోండి. వంకర మరీ ఎక్కువైతే మచ్చను కోసి అతుకు వేస్తారు, దీంతో పట్టు తగ్గే ప్రమాదం ఎక్కువ. మాత్రలకు లొంగనంతగా పట్టు పోతే అంగం లోపల ఇంప్లాంట్ (గట్టిదనం ఇచ్చే కృత్రిమ పరికరం) అమర్చి, వంకరనూ అప్పుడే సరిచేస్తారు.

మీ శ్రీమతికి చెప్పండి. చెప్పకపోతే మీరు దూరంగా ఉండటానికి ఆవిడ వేరే కారణం ఊహించుకుంటారు. సగం పట్టుతో ప్రయత్నించవద్దు, ఆవిడ పైన ఉండే భంగిమ ప్రస్తుతానికి మానండి. కలయికలో ఎప్పుడైనా టప్పుమని శబ్దమై, పట్టు ఒక్కసారిగా పోయి, వాచి నల్లబడితే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.