మెదడు డేటా ఫ్రీగానే దొరుకుతుంది, వాడటంలోనే ఉంది తిరకాసు

బీటెక్ ఫైనలియర్ మాది. కాగుల్ అనే డేటా సైట్‌లో దొరికిన బ్రెయిన్ ట్యూమర్ బొమ్మలతో మోడల్ చేస్తే 99 శాతం యాక్యురసీ వచ్చింది. గైడ్ నమ్మట్లేదు. ఇంతకంటే మంచి డేటా ఫ్రీగా ఎక్కడ దొరుకుతుంది? – ఓ విద్యార్థి, విజయవాడ

మీ గైడ్‌గారి అనుమానం కరెక్టే. కాగుల్‌లో తిరిగే ట్యూమర్ సెట్లలో బాగా వాడే కొన్నింటికి మూలం ఫిగ్‌షేర్ అనే పరిశోధన డేటా సైట్‌లో ఉన్న ఒక సెట్. అందులో 3,064 స్లైసులు (స్కాన్‌లో ఒక్కో పొర బొమ్మ) ఉన్నాయి గానీ పేషెంట్లు 233 మందే, అంటే ఒక్కొక్కరివి సగటున 13. మీరు అన్నీ కలిపేసి 80–20గా విడగొట్టి ఉంటే ఒకే మనిషి తలలోని పక్కపక్క స్లైసులు కొన్ని ట్రైనింగ్‌లోకి, కొన్ని టెస్టులోకి వెళ్లిపోయి ఉంటాయి, ఇక మోడల్ ట్యూమర్ గురించి పెద్దగా నేర్చుకోకుండానే మార్కులు కొట్టేస్తుంది. అసలు ఫిగ్‌షేర్ ఫైళ్లలో పేషెంట్ ఐడీ ఉంటుంది. దాన్నిబట్టి విడగొట్టి మళ్లీ రన్ చేయండి. యాక్యురసీ పడిపోతే టెన్షన్ పడొద్దు, రెండు అంకెలూ రిపోర్టులో పక్కపక్కనే పెట్టండి. వైవాలో ఆ పేజీయే మిమ్మల్ని కాపాడుతుంది.

జేపెగ్ బొమ్మలు కాకుండా పూర్తి స్కాన్లు కావాలంటే ఓపెన్‌న్యూరో సైట్‌తో మొదలుపెట్టండి. స్టాన్‌ఫర్డ్ వాళ్లు నడుపుతున్నారు, ఎవరినీ పర్మిషన్ అడగక్కర్లేదు. ఫైళ్లన్నీ బిడ్స్ అనే ఒకే పద్ధతిలో సర్ది ఉంటాయి కాబట్టి ఒక సెట్‌కి రాసిన కోడ్ చిన్న మార్పులతో ఇంకోదానికీ పనికొస్తుంది. వయసు, మతిమరుపు లాంటి టాపిక్ అయితే ఒయాసిస్ అనే డేటాలో మొదటి సెట్ చాలు: 18 నుంచి 96 ఏళ్ల వరకు 416 మంది ఉన్నారు. ఆటిజం అయితే అబైడ్, 17 చోట్ల నుంచి తెచ్చిన 1,112 మంది డేటా. కాకపోతే ఒక్కో చోట ఒక్కో స్కానర్, మోడల్ ఆ తేడాని ఆటిజం అనుకునే ప్రమాదం ఉంది. అల్జీమర్స్ స్కాన్ల డేటా ఇచ్చే ఏడీఎన్ఐ (ADNI) వాళ్లకి దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి కాబట్టి సబ్మిషన్ దగ్గరపడ్డాక దాని జోలికి వెళ్లకండి. మెదడులోని కనెక్షన్ల మీద చేసిన హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్ డేటా టెరాబైట్లలో ఉంటుంది, మీ హాస్టల్ వైఫైని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నా, మొత్తం డౌన్‌లోడ్ కొట్టకండి. ఇద్దరు ముగ్గురివి దించి కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో ముందు చూసుకోండి. పైథాన్‌లో నైలెర్న్ అనే లైబ్రరీ ఉంటే చిన్న సెట్లు ఒక్క లైన్‌తో వచ్చేస్తాయి.

అమ్మకి ఎంఆర్ఐ తీసి సీడీ ఇచ్చారు, కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదు. ఎలా చూడాలి? ఈ ఓపెన్ డేటాతో పోల్చి చూసుకోవచ్చా? – ఓ పాఠకురాలు, నిజామాబాద్

యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని, సీడీలోని ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. అవి డైకామ్ అనే మెడికల్ స్కాన్ల ఫార్మాట్ ఫైళ్లు, 3డీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయి. పోల్చడం మాత్రం వద్దండీ, ఆ పని డాక్టర్‌కి వదిలేయండి. తెలియని వెబ్‌సైట్లలోకి అప్‌లోడ్ కూడా చేయకండి. డైకామ్ ఫైల్లో మామూలుగా పేషెంట్ పేరు, పుట్టినతేదీ ఉంటాయి. అవి చెరిపేసినా ముఖం మిగులుతుంది: అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు ఎంఆర్ఐ నుంచి ముఖాలు తయారుచేసి ఫొటోలతో సరిపోలిస్తే 84 మందిలో 70 మందిని సాఫ్ట్‌వేర్ సరిగ్గా పట్టేసిందని 2019లో ప్రచురించారు. అందుకే ఓపెన్ డేటా పెట్టేవాళ్లు చాలామంది ముందుగా స్కాన్‌లో ముఖం భాగాన్ని తీసేస్తారు.

పిల్లలకి నిజమైన మెదడు చూపించాలి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే కుదురుతుందా? – ఓ బయాలజీ టీచర్, కరీంనగర్

కుదురుతుంది సార్. ఐఐటీ మద్రాస్ 2024 డిసెంబర్‌లో ధరణి (భూముల పోర్టల్ కాదు) అనే మెదడు అట్లాస్‌ని విడుదల చేసింది, గర్భస్థ శిశువుల మెదళ్ల నుంచి తీసిన 5,132 పొరల చిత్రాలు, కణాల దాకా జూమ్ అవుతాయి, అందరికీ ఉచితం. పెద్దవాళ్ల మెదడు కావాలంటే బిగ్‌బ్రెయిన్ ఉంది: చనిపోయిన ఒక 65 ఏళ్ల వ్యక్తి మెదడుని 20 మైక్రాన్ల మందంతో 7,404 ముక్కలుగా కోసి స్కాన్ చేసి కూర్చారు. ఈబ్రెయిన్స్ సైట్‌లో తిప్పి చూడొచ్చు. ఫోన్‌లో కంటే ల్యాబ్ కంప్యూటర్‌లో తెరవండి. స్కూల్ నెట్ నెమ్మదైతే చూపించబోయే చోటు దాకా ముందే జూమ్ చేసి ఉంచుకోండి, లోడయ్యేలోపు వెనక బెంచీ వాళ్లు మీ చేతికి చిక్కరు.