సేవకని విదేశం వెళ్లొచ్చిన కుర్రాళ్లకి ఏం మిగులుతుంది? నా అనుభవం

మీ చర్చి సంఘం యవ్వనస్తులు సేవకని పరాయి దేశం వెళ్తామంటున్నారు, నాలుగు రోజులు పోతే అటువాళ్లూ ఇటువాళ్లూ మరచిపోయేదే కదా అని అడిగారు. నేను 22 ఏళ్లప్పుడు వెళ్లొచ్చాను. మరచిపోలేదండి.

మాది పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలో గోదావరి మధ్య ఒక లంక. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ రోజు శనివారం. అక్కడ వారపు సెలవు శనివారమే కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా మందిరాల్లో ఉన్నవాళ్ల మీదే గోడలు కూలాయి. ఆ మాట విన్నాక మాకెవరికీ ప్రార్థన చేసి ఊరుకోబుద్ధి కాలేదు. వానలు పడేలోపు నెత్తిన రేకులైనా ఉండాలని అక్కడి సంఘం కబురు పెడితే, మే నెలాఖరులో ఆరుగురం విజయవాడలో రైలెక్కి గోరఖ్‌పూర్, సునౌలీ మీదుగా సింధుపాల్‌చోక్ జిల్లాకి చేరాం.

లంకలో పుట్టినవాడికి మెరక అంటే ఏటిగట్టే. అక్కడేమో రోడ్డు పక్కన దింపిన రేకుల్ని గంటన్నర పైకి మోయాలి. రెండోరోజే రేకు అంచు తగిలి నా అరచెయ్యి తెగింది. ఇల్లు కూలి టార్పాలిన్ కింద ఉంటున్న ఒక ముసలమ్మ నన్ను కూర్చోబెట్టి, ఆవనూనెలో పసుపు కలిపి అద్ది, తన నడుముకి చుట్టుకున్న గుడ్డ అంచు చింపి కట్టు కట్టింది. 'బాబు' అంది. నేపాలీలోనూ కుర్రాణ్ణి అలాగే పిలుస్తారట. తర్వాత వేయించిన మొక్కజొన్న గింజలు గుప్పెడు నా రెండో చేతిలో పోసింది.

అక్కడే మా నాయనమ్మ గుర్తొచ్చింది. పెదనాన్న పుట్టేటప్పుడు కాన్పు కష్టమైతే ఆవిణ్ణి పడవలో నర్సాపురం మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పాతికేళ్లు కూడా నిండని దొరసాని నర్సు రెండు రాత్రులు మంచం దగ్గర నుంచి కదల్లేదట. నాయనమ్మ పోయేవరకు కుటుంబ ప్రార్థనలో ఆ పిల్ల పేరు వదల్లేదు. ప్రాణం నిలిపినందుకే అనుకునేవాణ్ణి. కానీ ఆసుపత్రి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, ఆ పిల్ల తర్వాత లంకకొచ్చి చాప మీద కూర్చుని తాటిముంజెలు తిన్న సంగతీ, నీళ్లు గౌను మీద కారితే ఇద్దరూ నవ్వుకున్న సంగతీ పొద్దుపోయేదాకా చెప్పేది.

అందుకే, మీవాళ్లకి ఎవరైనా ఏదైనా పెడితే వద్దనకుండా తినమనండి. తాపీ, వడ్రంగం తెలిసినవాళ్లుంటే ముందు వాళ్లని పంపండి. 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి మన గోదావరి డెల్టాకొచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు కూడా చేతిపనివాళ్లే. ఒకరిది రాతిపని, ఒకరు చెప్పులు కుట్టేవారు. రేకు ఇచ్చి ప్రార్థనకి రమ్మనడం మాత్రం వద్దే వద్దు. మాలో ఒకరు అలా మొదలుపెడితే అక్కడి పాస్టరు గారే ఆపారు. అలా చేస్తే ఇచ్చింది కాస్తా బాకీ అయిపోతుంది.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులకి చేరినప్పుడు మా లంక మునిగింది. ఏటిగట్టు మీద టార్పాలిన్ కట్టుకుని ఉన్నాం. రాత్రి ఫోను మోగింది. ఆ ముసలమ్మ మనవడు, వార్తల్లో చూశాడట. హిందీలో మాట్లాడుతుంటే వెనక నుంచి ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది. ఏమంటోందని అడిగాను. బాబు అన్నం తిన్నాడా అని అడగమంటోందన్నాడు.