విడాకుల కాగితం కోసం ఏ కౌంటీకి వెళ్లాలి?

పోయిన వేసవిలో ఒకరోజు రాత్రి పదకొండు గంటలకు ఖమ్మం నుంచి మా చిన్నాన్నగారి అమ్మాయి ఫోను చేసింది. "అక్కా, పాపకు డాలస్ సంబంధం వచ్చింది. అబ్బాయికి ఇదివరకు పెళ్లయి విడాకులయ్యాయట. వాళ్లేమీ దాచలేదు, అడక్కముందే చెప్పారు. కాగితం కూడా వాట్సాప్‌లో పంపారు. ఒకసారి చూసి చెప్పు" అంది. చూశాను. ఉన్నది ఒకే పేజీ. పైన కేసు నంబరు, భార్యాభర్తల పేర్లు ఉన్నాయి. జడ్జి సంతకం ఎక్కడా లేదు. అది విడాకుల డిక్రీ కాదు, విడాకులు ఇప్పించమని కోర్టులో వేసిన అర్జీలో మొదటి పేజీ.

అబ్బాయి మోసగాడేమీ కాదు. లాయరు అప్పట్లో మెయిల్లో పంపినవాటిలో చేతికి దొరికింది పంపాడు, అంతే. కానీ ఆ పేజీని నమ్మి ముహూర్తం పెట్టుకుంటే రేపు వీసా దగ్గరో, గ్రీన్ కార్డు దగ్గరో, ఇండియాలో ఏదైనా కోర్టులోనో ఇబ్బంది పడేది మన పిల్లే. ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి రెండు మూడు వస్తాయి. అందుకే నాకు తెలిసినది ఒకచోట రాస్తున్నాను. నేను ఉండేది టెక్సాస్ కాబట్టి ఇక్కడి పద్ధతి వివరంగా చెబుతాను.

కొత్తగా వచ్చినవాళ్లు మొదట తెలుసుకోవలసిన సంగతి, అమెరికా మొత్తానికి కలిపి విడాకుల దస్తావేజులు ఉంచే ఆఫీసు ఏదీ లేదు. విడాకులు ఏ కౌంటీ కోర్టులో ఇచ్చారో కాగితం అక్కడే ఉంటుంది. పెళ్లి తిరుపతిలో జరిగిందా, అన్నవరంలో జరిగిందా అన్నదానితో నిమిత్తం లేదు. ఇప్పుడు అబ్బాయి ఏ ఊళ్లో ఉంటున్నాడన్నదానితోనూ నిమిత్తం లేదు. కేసు వేసిన రోజుల్లో వాళ్లు ఎక్కడ కాపురం ఉన్నారన్నదే ముఖ్యం. టెక్సాస్‌లో విడాకుల కేసు వేయాలంటే ఇద్దరిలో ఒకరైనా అప్పటికి ఆరు నెలలుగా రాష్ట్రంలో, 90 రోజులుగా ఆ కౌంటీలో ఉంటూ ఉండాలి. కాబట్టి అప్పటి ఇంటి చిరునామా కనుక్కుంటే కౌంటీ దొరికినట్టే.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. టెక్సాస్‌లో అవి 254. ఊరి పేరును బట్టి కౌంటీని ఊహించబోతే పొరపాటు పడతాం. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోనే తీసుకోండి. ఊళ్లో కొంత భాగం కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఒకే ఊరివాళ్లయినా ఒకరి కేసు మెకిన్నీ కోర్టులో, ఇంకొకరి కేసు డెంటన్ కోర్టులో ఉండవచ్చు. అర్వింగ్‌లో ఉన్నవాళ్లయితే డాలస్ కౌంటీలో వెతకాలి.

కౌంటీ తెలిశాక మనవాళ్లలో సగం మంది వెళ్లేది తప్పు కిటికీ దగ్గరికి. కౌంటీ క్లర్కు వేరు, డిస్ట్రిక్ట్ క్లర్కు వేరు. పెళ్లి లైసెన్సు ఇచ్చేది కౌంటీ క్లర్కు. విడాకుల డిక్రీ ఉండేది డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. చాలా కౌంటీల డిస్ట్రిక్ట్ క్లర్కులు తమ వెబ్‌సైటులో పేరుతో వెతికే వీలు ఇచ్చారు. అక్కడ కేసు నంబరు దొరికితే మిగతాది సులువు.

దొరకకపోతే కేసు లేదని తేల్చేయకండి. మన పేర్లు ఈ దేశపు కంప్యూటర్లలో ఎన్ని అవతారాలెత్తుతాయో చెప్పలేను. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని మూడక్షరాలు పడతాయి. కోర్టు కాగితాల్లోకీ అదే ఎక్కుతుంది. 'వెంకట' ఇంటిపేరయిపోతుంది. లక్ష్మి అన్న పేరును కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్లున్నారు, ఎక్స్‌తో రాసేవాళ్లూ ఉన్నారు. అందుకని ఇంటిపేరుతో ఒకసారి, పేరుతో ఒకసారి, రెండూ తారుమారు చేసి ఒకసారి, ఆ పైన మాజీ భార్య పేరుతో కూడా వెతకండి. మా చెల్లెలు అడిగిన కేసు ఆ అబ్బాయి మాజీ భార్య పేరుతోనే దొరికింది.

కేసు కనపడగానే ఊపిరి పీల్చుకోవద్దు. కేసు వేయడం, విడాకులు రావడం ఒకటి కాదు. వేసిన తర్వాత 60 రోజులు గడవనిదే టెక్సాస్‌లో మామూలుగా డిక్రీ ఇవ్వరు. ఈలోగా రాజీపడి వెనక్కి తీసుకున్నవాళ్లుంటారు. పట్టించుకోక వదిలేస్తే కోర్టే కొట్టేసిన కేసులుంటాయి. వెబ్‌సైటులో ఆ కేసు కింద ఉండే జాబితాను చివరి వరస దాకా చదివి తుది డిక్రీ మీద జడ్జి ఏ తేదీన సంతకం చేశారో చూడండి. విడాకులయిన తేదీ అదే. ఇంకొకటి, ఆ తేదీ నుంచి 30 రోజులు దాటేదాకా ఇక్కడ మరొకరిని పెళ్లి చేసుకోకూడదు. కోర్టు ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప. లగ్నం కుదిరిందని తొందరపడేవాళ్లు ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి.

ఇక నకళ్ల సంగతి. మామూలు నకలు చదువుకోవడానికి పనికొస్తుంది. వీసాలకు, కోర్టులకు కావలసింది ధ్రువీకరించిన నకలు, అంటే క్లర్కు సంతకం, ముద్ర ఉన్నది. రుసుము పేజీల లెక్కన ఉంటుంది. పిల్లలు, ఇల్లు, బ్యాంకు ఖాతాల పంపకాలు ఉన్న డిక్రీ ముప్ఫై నలభై పేజీలుండటం మామూలే. తపాలా ద్వారా అడగవచ్చు, నేరుగా వెళ్లవచ్చు. నేను ఒక బంధువు కోసం వెళ్లినప్పుడు కౌంటర్లో ఆవిడ కేసు నంబరు కొట్టి, పేజీలన్నీ అచ్చు తీసి, ఒకసారి లెక్కపెట్టి, పిన్ను కొట్టి, చివరి పేజీ మీద ముద్ర వేసి ఇచ్చింది. వేలితో తడిమితే కాగితం మీద ఆ ముద్ర ఉబ్బెత్తుగా తగిలింది. ఇంటికొచ్చి స్కాన్ చేద్దామని ఆ పిన్ను నేనే ఊడదీశాను. పిన్ను ఊడిన నకలు చెల్లదని తర్వాత తిప్పి పంపారు. మళ్లీ డబ్బు కట్టి ఇంకొకటి తెచ్చుకోవలసి వచ్చింది. దయచేసి పిన్ను మాత్రం తీయకండి. ఫోటో కావాలంటే పేజీలు తిప్పుతూ ఫోనుతో తీసుకోండి.

ఆస్టిన్‌లో రాష్ట్ర ఆరోగ్య శాఖ 20 డాలర్లకు ఒక ధ్రువీకరణ లేఖ ఇస్తుంది. 1968 నుంచి టెక్సాస్‌లో జరిగిన విడాకుల సూచిక వాళ్ల దగ్గర ఉంది. ఏ కౌంటీయో బొత్తిగా తెలియనప్పుడు ఆ లేఖ బాగా ఉపయోగపడుతుంది. డిక్రీకి బదులుగా మాత్రం అది చెల్లదు. ఇక పేరు కొడితే విడాకుల రికార్డులు చూపిస్తామంటూ కార్డు నంబరు అడిగే ప్రైవేటు వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. వాళ్లు ఎంత వసూలు చేసినా క్లర్కు ముద్ర ఉన్న నకలు ఇవ్వలేరు.

ముద్ర కోసం ఇంత పట్టు ఎందుకంటారా? 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కథ వినండి. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో కేసు వేసి, భార్య హాజరు కాకుండానే 1980లో విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991లో తీర్పు వచ్చింది. ఆ అమెరికా విడాకులు ఇండియాలో చెల్లవని కోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి, రెండో పక్షం మనస్ఫూర్తిగా కోర్టుకు వచ్చి వాదించుకుని ఉండాలి లేదా అంగీకరించి ఉండాలి అని చెప్పింది. అదే తీర్పులో కాగితం గురించి కూడా ఉంది. భర్త చూపిన డిక్రీ నకలు మీద ఆ అమెరికా కోర్టు క్లర్కు (సర్క్యూట్ క్లర్కు) తరఫున ధ్రువీకరణ ఉంది. కానీ అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేదు కాబట్టి అది సాక్ష్యంగా పనికిరాదన్నారు.

ఆ తర్వాత 2005లో భారత్‌కు అపోస్టిల్ ఒప్పందం అమల్లోకి వచ్చింది. అపోస్టిల్ అంటే ఒక దేశపు పత్రాన్ని ఇంకో దేశంలో చూపించడానికి వేయించుకునే ధ్రువీకరణ. ఇప్పుడు ఇండియాలో వాడాలనుకునే డిక్రీకి మామూలుగా అపోస్టిల్ చేయిస్తారు. క్లర్కు ఇచ్చిన నకలును ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకు పంపాలి. టెక్సాస్‌లో ఒక్కో పత్రానికి 15 డాలర్లు. కానీ అపోస్టిల్ చెప్పేది ముద్ర, సంతకం నిజమైనవని మాత్రమే. విడాకులు ఇండియాలో చెల్లుతాయని అది చెప్పదు. భార్య ఇండియాలో ఉండగా ఇక్కడ ఏకపక్షంగా వచ్చిన డిక్రీ అయితే, మాట ఇచ్చేముందే అక్కడి కుటుంబ కోర్టు లాయరుకు చూపించండి.

మిగతా రాష్ట్రాల గురించి క్లుప్తంగా చెబుతాను. కాలిఫోర్నియాలో కౌంటీ సుపీరియర్ కోర్టును అడగాలి. ఫ్రీమాంట్ వాళ్లకు ఆలమీడా, సన్నీవేల్ వాళ్లకు శాంటా క్లారా. న్యూయార్క్‌లో డిక్రీ కౌంటీ క్లర్కు దగ్గరే ఉంటుంది కానీ, విడాకుల ఫైళ్లు గోప్యం. ఆ భార్యాభర్తలకు, వాళ్ల లాయర్లకు తప్ప ఇవ్వరు. అక్కడి సంబంధమైతే మనం వెతికి లాభం లేదు, అబ్బాయినే తెప్పించమనాలి.

నిజానికి ఎక్కడి సంబంధమైనా అలా అడగడమే పద్ధతి. అడిగితే అనుమానించినట్టు అనుకుంటారేమోనని ఆడపిల్లవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం వద్దు. రేపు అమ్మాయికి గ్రీన్ కార్డు పిటిషను వేసినప్పుడు ఇద్దరి పాత పెళ్లిళ్లూ ముగిశాయన్న రుజువు ఎలాగూ పెట్టాలి. ఇండియాలో విడాకులైన అమ్మాయికీ అదే నియమం, కుటుంబ కోర్టు డిక్రీ ధ్రువీకరించిన నకలు కావాలి. డిక్రీ తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం, దాని మీద అనువాదకుడి ధ్రువీకరణ కూడా జతచేయాలి.

మా చెల్లెలు అబ్బాయి తల్లితోనే నేరుగా మాట్లాడింది. "వదినగారూ, తప్పుగా అనుకోకండి, కోర్టు ముద్ర ఉన్న నకలు ఒకటి తెప్పించగలరా" అని అడిగింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. అబ్బాయి ఆ వారంలోనే మెకిన్నీ వెళ్లి మూడు నకళ్లు తీసుకున్నాడు. ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు, ఒకటి అపోస్టిల్‌కు పంపాడు. మూడోది మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. ఇరవై రెండో పేజీలో జడ్జి సంతకం, తేదీ ఉన్నాయి. ఆ రాత్రే ఖమ్మం ఫోను చేసి తేదీ చదివి వినిపించాను.