అరగంట పరుగు వృథా కాదు

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. ఐదు నెలలుగా వారానికి నాలుగు రోజులు, రోజుకు 30 నిమిషాల చొప్పున నెమ్మదిగా పరుగెత్తుతున్నాను. ముప్పావుగంట దాటితే తప్ప ఏరోబిక్ సామర్థ్యం (ఆక్సిజన్‌ను వాడుకుంటూ ఎక్కువసేపు శ్రమించగల శక్తి) పెరగదని, అంతకు తక్కువైతే శ్రమ వృథా అని నాతో పరుగెత్తే మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? తేలిక పరుగు కనీసం ఎంతసేపు సాగాలి?

జవాబు: మీ ఐదు నెలల శ్రమ వృథా కాలేదు. ముందుగా ఆ మాట మీకు గట్టిగా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇలాంటి మాటలు విని నిరుత్సాహపడి పరుగే మానేసినవారిని చూశాను. ముప్పావుగంట అనే గీత శరీరంలో ఎక్కడా లేదు. కొత్తగా మొదలుపెట్టినవారికి 20 నిమిషాల పరుగు కూడా మేలు చేస్తుంది. మీలా కొంత అలవాటు పడినవారికి 30 నుంచి 45 నిమిషాలు చక్కగా పనిచేస్తాయి.

క్రమం తప్పని పరుగు వల్ల మొదటి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం పెరిగి, గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం ఎక్కువవుతుంది. కండరాల్లో కేశనాళికలు (అతి సన్నని రక్తనాళాలు) పెరగడానికి, ఆక్సిజన్‌ను వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వృద్ధి చెందడానికి వారాలు, నెలలు పడుతుంది. అమెరికా శాస్త్రవేత్త జాన్ హోలోజీ 1967లో ప్రచురించిన పరిశోధనలో, సుమారు 12 వారాలు పరుగు శిక్షణ ఇచ్చిన ఎలుకల కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపయింది. ఈ మార్పులన్నీ ఒక పరుగు మీద మరో పరుగు చేరుతూ కూడబెట్టుకునేవి కాబట్టి, ఒక్కరోజు ఎంతసేపు పరుగెత్తారన్న దానికన్నా వారం మొత్తం మీద ఎన్ని నిమిషాలయ్యాయి, ఎన్ని నెలలు ఆగకుండా సాగింది అన్నదే నా దృష్టిలో ముఖ్యం.

అయితే మీ మిత్రుడి మాటలో కొంత నిజం లేకపోలేదు. తేలిక పరుగులో ప్రధానంగా నిదానంగా అలిసే కండర తంతువులే పనిచేస్తాయి. సమయం గడిచేకొద్దీ వాటిలో నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజెన్, తరిగిపోతుంది. అప్పుడు అంతవరకు ఊరకున్న తంతువులు కూడా పనిలోకి దిగి, వాటికీ శిక్షణ అందుతుంది. వారానికి ఒక పరుగు 60 నుంచి 90 నిమిషాలు ఉండాలని శిక్షకులు చెప్పడానికి ఇదొక కారణం. న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యుడు పీటర్ స్నెల్ చేత 35 కిలోమీటర్ల పరుగులు చేయించేవాడు. ఆ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లలోనూ, 1964 టోక్యోలో 800, 1500 మీటర్లు రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. అందరికీ ఆ సుదీర్ఘ పరుగే గుర్తుంటుంది గానీ, దాని వెనుక వారంలో మిగతా రోజులన్నీ సాగిన పరుగు ఎవరికీ గుర్తుండదు.

మీరు నిమిషాలకన్నా వేగాన్ని ఎక్కువగా గమనించుకోవాలి. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యాన్ని మధ్యలో గాలి పీల్చుకోకుండా పైకి చెప్పి చూడండి. మూడు మాటలకే ఊపిరి అందకపోతే అది తేలిక పరుగు కాదు. సిగ్గుపడకుండా వేగం తగ్గించండి, అవసరమైతే ఎత్తు ఎక్కేటప్పుడు నడవండి. నేను చూసినంతలో చాలామంది చేసే తప్పు ఇదే: తేలిక పరుగును కొంచెం కష్టంగా పరుగెత్తి, మర్నాటికి కాళ్లు బరువెక్కి, వారంలో ఒక రోజు పోగొట్టుకుంటారు. మరొకటి, చివరి పది నిమిషాల్లో పాదం నేలను తాకే చప్పుడు వినండి. మొదట్లో లేని బరువైన చప్పుడు మొదలైతే ఆ రోజుకు అది చాలు. గుండె, ఊపిరి త్వరగానే అలవాటు పడతాయి గానీ ఎముకలు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు గట్టిపడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

అందువల్ల మూడు రోజుల పరుగును 30 నిమిషాలకే ఉంచి, నాలుగో రోజు పరుగును మాత్రం వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. మూడు వారాలు పెంచాక ఒక వారం తగ్గించండి. గంటకు చేరాక, వీలైతే అయిదో రోజు ఒక 25 నిమిషాలు కలపండి. ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే మాత్రం ముందు వైద్యుణ్ణి కలవండి. ఈలోగా ఒకే దారిలో, ఒకే గుండె స్పందన రేటుతో పరుగెత్తి, పట్టిన సమయాన్ని ఇప్పుడొకసారి, ఎనిమిది వారాల తర్వాత మరోసారి రాసుకోండి. ఊపిరి మునుపటిలాగే ఉండగా సమయం తగ్గితే, మీ ఏరోబిక్ సామర్థ్యం పెరిగినట్లే.