పిల్లోళ్లకు పని నేర్పేముందు

తాడిపత్రి

అల్లుడూ,

నీ మోటారు వైండింగు అంగట్లో నేర్చుకునేకి ఇద్దరు పిల్లోళ్లను పెట్టుకుంటాండావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నీ చేతి వేగమూ తెలుసు, నీ నోటి దురుసూ తెలుసు నాకు.

నీకు తెలిసినవే అయినా ఒకసారి చెప్తా. స్టార్టరు పెట్టె ముట్టుకునేముందు మెయిను దించి, ఫీజులు పీకి వాళ్ల జేబులోనే వేసుకోమను. వట్టికాళ్లతో టెస్టింగు బల్ల తావకు రానీయొద్దు. పాత వైండింగు కోసేముందు చుట్ల లెక్క, గేజి (వైరు మందం), పిచ్ (కాయిల్ రెండు పక్కల మధ్య దూరం), కనెక్షను రాసి నీకు చూపాల.

ఎండాకాలంలో, మోటారు కాలి చీనీచెట్లు ఎండిపోతాండాయని రైతు వచ్చి గడపలో నిలబడి ఉంటే ఎవరికీ ఏమీ నేర్పలేవు. కోపమొచ్చేది రైతు తొందర మీద, పడేది పిల్లోని మీద. పాత ఇనుము అంగట్లో 24 స్లాట్ల (వైరు దించే గాడుల) మోనోబ్లాకు స్టేటరు ఒకటి, అంటే పంపూ మోటారూ ఒకటిగా ఉండేదాంట్లో తిరగని భాగం, తెచ్చి పెట్టు, దాని మీద నేర్పు. బోరు నీళ్లలో మునిగుండే సబ్‌మెర్సిబుల్ జోలికి ఇప్పుడే పోనీయొద్దు. దాంట్లో వైరును ఒక్కో చుట్టుగా లాగాల, తొడుగు రవ్వంత గీసుకున్నా నీళ్లు దిగి పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

స్లాటులోకి దించేటప్పుడు కొత్తోడు గుత్తంతా ఒకేసారి నొక్కుతాడు. వైరు మీది ఎనామిల్ పూత స్లాటు అంచుకు గీసుకుని బాడీకి షార్టవుతుంది. నాలుగైదు పోగుల చొప్పున, వెదురుబద్దతో దువ్వినట్టు దించాల. ఒకసారి నిదానంగా చేసి చూపు. రెండోసారి నీ చేతులు వెనక్కి కట్టుకో. వాని చేతిలోంచి లాక్కున్నావంటే, ఆ పొద్దుకు వాని చదువు అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. నేర్పేవాళ్లు ఎక్కువగా అరిచేది ఈడే, నేనూ అరిచినోణ్ణే. రెండు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉండే ఈ 24 స్లాట్ల మోటారులో ఒక ఫేజుకు రెండు కాయిళ్ల గ్రూపులు రెండు. మొదటిది 1–12, 2–11 స్లాట్లది. రెండోది 13–24, 14–23. మొదటిదాని కొసను రెండోదాని కొసకే కలపాల. కొత్తోడు మొదటిదాని కొసకు రెండోదాని మొదలు కలుపుతాడు. తప్పు వానిది కాదు, దారం ఆగినకాడి నుంచే మళ్లీ మొదలుపెడతారు ఎవరైనా. మల్టీమీటరు మూడు ఫేజులకూ ఒకే ఓమ్సు చూపిస్తుంది. మెగ్గరు (వైరు బాడీకి తగిలిందా అని చూసే మీటరు) కూడా బాగుందంటుంది. కరెంటిస్తే మాత్రం మోటారు గుయ్యిమని మూలిగి, ఆంపియర్లు ఎగబాకి, కాసేపట్లో వేడెక్కుతుంది. 'అన్నీ సరిగానే చూసినా గదన్నా' అంటాడు పిల్లోడు. నిజంగానే చూసింటాడు. మీటరుకు తెలియని తప్పు కోసం వాణ్ణి తిడితే ఏం లాభం?

సుద్దముక్క ఇచ్చి స్లాట్ల మీద కరెంటు పోయే దిక్కుకు బాణాలు గీయమను. 11, 12, 13, 14 బాణాలు నాలుగూ ఒకే పక్కకు పోవాల. 23, 24, 1, 2 బాణాలు దానికి ఎదురుగా పోవాల. ఒప్పుకోకపోతే 12 వోల్టుల బ్యాటరీకి వరసలో బల్బు పెట్టి ఆ ఒక్క ఫేజుకే ఇచ్చి, లోపల దిక్సూచి పట్టుకోమను. 6, 7 స్లాట్ల మధ్య ముల్లు ఒక కొస చూపితే 18, 19 మధ్య రెండో కొస చూపాల. రెండు తావులా ఒకటే చూపితే గ్రూపు తిరగబడినట్టు. ఎక్కడ విప్పాలో వాన్నే కనుక్కోనీ. అంతవరకు నువ్వు బయటికి పోయి టీ తాగు.

'అర్థమైందా' అని అడగొద్దు, అందరూ తల ఊపుతారు. 'ఈ కాయిల్ యాడ మొదలై యాడ తేలుతుందో వేలితో చూపించు' అను.

నా భయం వేరే. ఒకసారి నలుగురిలో తిట్టినావంటే వాడు మళ్లీ నిన్ను అడగడు. మెయిను దించినారా లేదా అని కూడా అడగడు. తీగ మీద 415 వోల్టులున్నా, అడిగితే తిడతావని చెయ్యి పెడతాడు. అందుకే ఒకే మాట పదిసార్లు అడిగినా యాష్టపడొద్దు నాయనా.

వచ్చే ఆదివారం వస్తా. ఆ స్టేటరు పారేయొద్దు. పిల్లోళ్లకు మధ్యాహ్నం అన్నం యాడిదో మీ అమ్మ చెప్పలేదు. ఇంటి నుంచి తెచ్చుకోకపోతే మీ అత్త సంగటి కట్టిస్తానంటాంది.

మీ మామ