రీ: సర్ఫేస్ క్లీనర్ తిప్పితే పార్కింగ్ కాంక్రీటు మీద గుండ్రటి చారలు

మీ ప్రెషర్ వాషర్ మిషన్ బాగానే ఉంది. సర్ఫేస్ క్లీనర్‌తో (మూత కింద రెండు నాజిళ్ల కడ్డీ గిర్రున తిరుగుతూ నేల కడిగే అటాచ్‌మెంట్) చారలు పడుతున్నాయంటే తేడా నాజిల్ సైజులోనే. నిమిషానికి 15 లీటర్లు, 200 బార్ ప్రెషర్ అన్నారు, లాన్స్‌కి (చేత్తో పట్టుకునే గొట్టానికి) 4.5 నంబర్ నాజిల్ (నంబర్ పెరిగితే రంధ్రం పెద్దది) వాడుతున్నానన్నారు కాబట్టి క్లీనర్ కడ్డీకి రెండు వైపులా అదే 4.5 బిగించి ఉంటారు. అందరూ చేసే పొరపాటే ఇది (మొదట్లో నేనూ చేశాను). రెండు నాజిళ్లతో మొత్తం రంధ్రం వైశాల్యం రెట్టింపైతే ప్రెషర్ సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది, అంటే నేలకి తగిలేది 50 బార్. కడ్డీ తిరుగుతుంది, మురికి మాత్రం కదలదు.

1. లాన్స్ నాజిల్ నంబర్‌ని రెండుతో భాగించండి. మీకు 2.25 వస్తుంది. 25 డిగ్రీల (నీళ్లు విచ్చుకునే కోణం) 2.5 నాజిళ్ల జత తీసుకోండి, 170 బార్ పైనే నిలుస్తుంది.
2. ఇంజిన్ ఆపి, ట్రిగ్గర్ నొక్కి ప్రెషర్ వదిలాకే నాజిళ్లు విప్పండి. కొత్తవి బిగించే ముందు ఒకసారి ఉత్త నీళ్లు పోనివ్వండి, లేకపోతే హోస్‌లోని ఇసుక రేణువు ఒకటి వెళ్లి ఒక నాజిల్‌ని మూసేస్తుంది, కడ్డీ అదురుతుంది, మళ్లీ చారలే.
3. నడక నెమ్మదిగా. పక్క వరస మీదకి నాలుగు అంగుళాలైనా ఎక్కించండి.

20 అంగుళాల డెక్ (క్లీనర్ మూత) మాత్రం మీ నీళ్లకి పెద్దదే. నిమిషానికి వచ్చే ఒక్కో లీటరుకి ఒక అంగుళం డెక్ అని లెక్క వేసుకోండి, మీకు 16 అంగుళాలది సరిపోతుంది. కొత్తది కొనేలోపు పై జతతో నెట్టుకురావచ్చు, కాకపోతే ఇంకా నెమ్మదిగా నడవాలి.